చివర్లు కలవని గీత

గంపలోంచి కోడి లేచిపోయింది.

అత్తగారు పెరటి తలుపు తీసేసరికి మసిది అప్పటికే కిందికి దిగి, పిల్లల్ని వెంటేసుకుని గోడ వారగా మట్టి కెలుకుతోంది. పొయ్యిలో పొర్లి వచ్చినట్టు ఒళ్ళంతా నల్లగా ఉండే ఆ పెట్టకి ఆ పేరు పెట్టింది అత్తగారే. దాని కాళ్ళ చుట్టూ ఎనిమిది పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ తిరుగుతున్నాయి.

వాటిని చూసి అత్తగారు నవ్వింది. ఆ నవ్వు మొహమ్మీద ఉండగానే గంపలోకి వంగింది. వంగినావిడ ఎంతసేపటికీ లేవలేదు.

వంటింటి గుమ్మంలో కడిగిన గిన్నెలు పట్టుకుని నిలబడ్డ కోడలికి ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది.

"ఐదు మిగిలిపోయాయి," అంది అత్తగారు, గంపతోనే చెబుతున్నట్టు.

ఇంకో రెండు మూడు రోజులు కోడి కదలకుండా కూర్చుంటే చాలని ఆమె వారం నుంచి మనసులో దండాలు పెట్టుకుంటూనే ఉంది. కోడి వినలేదు. పుట్టిన పిల్లలకి ఆకలేస్తే ఏ తల్లి మాత్రం కూర్చుంటుంది?

"అమ్మాయ్, ఇవి తీసుకెళ్ళి పెంటకుప్పలో పూడ్చెయ్. పగిలాయంటే ఇల్లంతా కంపు."

"ఇంకో పూట చూద్దామత్తయ్యా."

"చూడ్డానికేముంది? చల్లబడిపోయాయి."

"ఒక్కోటి ఆలస్యమవుతుందని మీరే అన్నారుగా."

"ఒకటి ఆలస్యమవుతుంది. ఐదూ కూడబలుక్కుని ఆలస్యమవుతాయా? వీటికేమన్నా బస్సు తప్పిపోయిందా?"

మామూలు రోజైతే కోడలు ఈ మాటకి పడీపడీ నవ్వేది. ఇవాళ పెదవులు కదల్లేదు. గిన్నెలు కింద పెట్టి వచ్చి గంప పక్కన కూర్చుంది. గడ్డిలో ఐదు గుడ్లు. ఒక్కోదాని నడుం చుట్టూ ఒక్కో బొగ్గు గీత.

ఆ గీత అత్తగారి పద్ధతి. పొదగడానికి పెట్టే ముందు ప్రతి గుడ్డునీ వేళ్ళ మధ్య తిప్పుతూ, బొగ్గు ఎత్తకుండా ఒక్క చుట్టు చుట్టేస్తుంది. తరవాత వేరే పెట్ట ఏదైనా వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టిపోతే, గీత లేని దాన్ని తీసి వంటింట్లోకి పంపేస్తుంది. గీత ఉన్నది ఆవిడ ఎంచినది. ఆవిడ చేతి ముద్ర అది.

ఈ ఐదింటి మీదా ఉన్న గీతలు మాత్రం అత్తగారు గీసినవి కావు.

అత్తగారు గట్టు మీద కూలబడింది. తన కళ్ళ మీద తనకే అనుమానంగా ఉందని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ప్రతి గుడ్డునీ టార్చిలైటు ముందు పెట్టి చూసిందట. పెంకు పలచగా ఉన్నవి పక్కన పెట్టిందట. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఒకటి చెడింది, రెండు చెడ్డాయి, ఇలా ఐదు ఎన్నడూ పోలేదట.

"మంచీ చెడ్డా ఎంచే చూపు పోయింది నాకు. వయసు అంటే ఇదేనేమో," అంది.

చెప్పెయ్, అంది కోడలి మనసు. ఇప్పుడు చెప్పెయ్. మీ చూపుకేం కాలేదత్తయ్యా, మీరు ఎంచినవి ఇవి కావు అని ఒక్క ముక్క చెప్పెయ్.

నోరు తెరిచేలోపు గోడ మీద టైలరమ్మ తల లేచింది. పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉన్నాయి. అవతల కుట్టుమిషను దగ్గర కూర్చున్నా ఇవతల ఆకు రాలిన చప్పుడు కూడా ఆవిడకి వినబడుతుంది. సూదులు తీసి చేత్తో పట్టుకుని, ఎన్ని లేచాయని అడిగింది. సంఖ్య విని నాలిక చప్పరించింది.

"పదమూడుకి ఎనిమిదా? మీ చెయ్యి ఇలా ఎప్పుడూ తప్పలేదే పిన్నిగారూ."

అత్తగారు లేచి, మసిదానికి నూకలు తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ పెరట్లోకి బయటి కోడి గానీ, బయటి గుడ్డు గానీ రాకూడదు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునే కోడలు విన్న మాట అది. ఉప్పెక్కడుందో చెప్పడానికి ముందే అత్తగారు ఆ మాట చెప్పింది. మామగారు చనిపోయిన ఏడాది ఎవరో మంచి జాతిదని ఒక పుంజుని ఇచ్చారు. దానితో పాటు కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళు మెడలు వాల్చి, రెక్కలు వేలాడేసి, ఒకదాని వెనక ఒకటి పోయాయి. మొగుడు పోయినప్పుడు కూడా పనిలో పడి బతికిన మనిషి, కూత లేని ఆ పెరట్లో నాలుగు రోజులు మంచినీళ్ళు ముట్టలేదని టైలరమ్మ చెబుతుంది. మిగిలిన ఒక్క పెట్టతో మళ్ళీ మొదలుపెట్టింది. మసిది ఆ పెట్టకి మనవరాలు. ఇప్పటికీ బయట నుంచి వచ్చిన వాళ్ళెవరైనా సరే, కాళ్ళు కడుక్కోకుండా పెరటి గుమ్మం దాటడానికి లేదు.

అదే తెగులు నెల కిందట కోడలి పుట్టింటికి వచ్చింది.

అమ్మ దొడ్లో ఉండేవన్నీ బోడిమెడ కోళ్ళు. మెడ మీద ఒక్క ఈకా లేకుండా, ఎర్రగా, చూసినవాళ్ళకి నవ్వు తెప్పించేలా ఉంటాయి. అమ్మకి మాత్రం అవి వాళ్ళమ్మ ఇచ్చిన కోళ్ళ సంతానం. రెండు రోజుల్లో అన్నీ పోయాయి. కోడలు చూడ్డానికి వెళ్ళేసరికి అమ్మ ఖాళీ గూటి ముందు కూర్చుని ఉంది. పొదగడానికని ముందే తవుడు కుండలో దాచిన ఐదు గుడ్లు మాత్రం మిగిలాయి.

వీటిని మీ పెరట్లో పొదిగించడానికి మీ అత్తగారు ఒప్పుకుంటారా అని అమ్మ అడిగింది. ఎందుకు ఒప్పుకోరు అని గుడ్లు వెంట తెచ్చుకుంది కూతురు. ఇంటికొచ్చాక అత్తగారిని అడగడానికి ధైర్యం చాల్లేదు. అమ్మకి ఫోన్ చేసి, ఒప్పుకున్నారని చెప్పింది.

మసిది గంపెక్కిన మూడో రోజు మధ్యాహ్నం, అత్తగారు నిద్రపోతున్నప్పుడు, కోడలు దాని రెక్కల కిందికి చెయ్యి పోనిచ్చింది. ఐదు తీసింది. ఐదు పెట్టింది. గుడ్డుకి బదులు గుడ్డే కదా అని తనకి తను సర్దిచెప్పుకుంది. తీసినవి నిమ్మచెట్టు మొదట్లో పూడ్చేసింది. వంటకి వాడేయొచ్చు గానీ పగలగొట్టి చూసే ధైర్యం లేకపోయింది. అప్పటికే వాటిలో ఎర్రటి సన్నటి నరం పోసుకుని ఉంటుందని అత్తగారే ఒకసారి టార్చి వెలుగులో చూపించింది మరి.

పిల్లలు బయటికొస్తే మెడ చూడగానే అందరికీ తెలిసిపోతుందని ఆమెకి తెలుసు. అరచేతిలో పిల్ల కిచకిచమంటుంటే ఎవరికి కోపం వస్తుందిలే, అప్పుడు చెప్పొచ్చులే అనుకుంది. మూడు రోజులు వెనక పెట్టిన గుడ్డు మూడు రోజులు వెనకే లేస్తుందన్న సంగతి, ఎనిమిది పిల్లలతో దిగిపోయే తల్లి మిగతావాటి కోసం ఆగదన్న సంగతి మాత్రం తోచలేదు.

పూడ్చి వస్తానని చెప్పి గుడ్లని వంటింట్లోకి తెచ్చింది.

గోరువెచ్చటి నీళ్ళు వెడల్పాటి గిన్నెలో పోసింది. ఇది కూడా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. గుడ్డుని నీళ్ళలో వదిలి, నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఆగితే, లోపల ప్రాణం ఉన్నది దానంతటదే చిన్నగా ఊగుతుంది. మొదటిది వదిలింది. తేలింది, కదల్లేదు. రెండోది అంతే. కోడలి కళ్ళు మండాయి. మూడోది వదిలాక రెప్ప వెయ్యకుండా చూసింది. ఎవరో లోపల నుంచి మోచేత్తో పొడిచినట్టు గుడ్డు ఇటు ఒరిగి, అటు ఒరిగింది.

నాలుగోదీ ఊగింది. ఐదోదీ ఊగింది.

చచ్చిపోయిన రెండింటినీ నిమ్మచెట్టు కిందే పూడ్చబోతుంటే ఒకటి చేతిలో పగిలింది. ఆ కంపుకి చెట్టు వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకుంది. నోరు తుడుచుకుని తిరిగి చూసేసరికి నూకల చేటతో అత్తగారు గుమ్మంలో ఉంది. అలా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పగలూ రాత్రీ గుడ్లు మంచం కింద చెప్పుల పెట్టెలో గడిపాయి. పెట్టెలో దూది, దూది మీద గుడ్లు, మూతకి పెట్టిన కంత లోంచి చిన్న బల్బు. భర్త లేతు మిషను మీద పనిచేస్తాడు. ఈ వారం రాత్రి డ్యూటీ. పగలంతా కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతాడు, కాబట్టి మంచం కింద దీపం వెలిగినా అతనికి తెలియలేదు. ఆమె మాత్రం గంటకోసారి చెయ్యి పెట్టి వేడి చూసింది. ఎక్కువైందనిపిస్తే మూత జరిపింది, తక్కువైందనిపిస్తే మూసింది. కోడికి ఇదంతా ఎవరు నేర్పారో అనుకుంది.

మర్నాడు పొద్దున్న కరెంటు పోయింది. వీధి చివర స్తంభం ఎక్కిన మనిషిని అత్తగారు అడిగి వచ్చింది. తీగ మారుస్తున్నారట, సాయంత్రం దాకా రాదట.

పెట్టెలో చెయ్యి పెడితే దూది అప్పుడే చల్లబడుతోంది. మసిదాని కిందికి మళ్ళీ తోసేద్దామంటే అది పిల్లల్ని వదిలి గంప వైపు కన్నెత్తి చూడటం లేదు. చివరికి పాత దుప్పటి చింపి, మూడు గుడ్లనీ వరసగా చుట్టి, పొట్టకి ఆనించి కట్టుకుంది. పైన వదులు చొక్కా, దాని మీద శాలువా కప్పుకుంది. చల్లటి పెంకులు ఒంటికి తగలగానే ఒళ్ళు జలదరించింది. కాసేపటికి అవి తన వేడే పుంజుకున్నాయి. ఏది తన ఒళ్ళో ఏది గుడ్డో తెలియకుండా అయింది.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. ఏమైనా లేచాయా అని అడిగింది. ఇంకా లేదమ్మా, రేపో ఎల్లుండో అంది కోడలు గుసగుసగా.

"మీ అత్తగారికి ఒకసారి ఇవ్వు ఫోను. వేరే వాళ్ళ దొడ్డి గుడ్లంటే ఎవరు పెడతారే ఈ రోజుల్లో? నా మాటగా ఒక్క ముక్క చెప్పుకుంటాను."

"స్నానం చేస్తున్నారు."

"సాయంత్రం చేస్తాలే అయితే."

ఫోన్ పెట్టేశాక కోడలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఇక్కడో అబద్ధం, అక్కడో అబద్ధం. రెండింటి మధ్యలో తను, తన పొట్ట మీద మూడు గుడ్లు.

పని ఆపితే అనుమానం వస్తుందని పని చేసింది. ఎలా చేసిందో ఆమెకే తెలియాలి. వంగాల్సిన చోట మోకాళ్ళ మీద దిగింది. గోడ పట్టుకుని లేచింది. నడుస్తున్నప్పుడల్లా ఒక చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. నీళ్ళ బకెట్ ఎత్తబోయి, దుప్పటి ముడి జారుతున్నట్టనిపించి, మధ్యలో దించేసింది.

వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చి బకెట్ అందుకుంది.

"నేను మోస్తాలే," అంది అత్తగారు.

అంతే అంది. కానీ ఆ గొంతు వేరేగా ఉంది. ఎప్పుడూ పిల్లల్ని అదిలించినట్టు మాట్లాడే మనిషి, చేతిలో గుడ్డు పట్టుకున్నంత జాగ్రత్తగా పలికింది. కోడలికి అర్థం కాలేదు. భోజనాల దగ్గర చుక్కల పెట్ట పెట్టిన తాజా గుడ్డుని అత్తగారు ఉడకబెట్టి, పెంకు తీసి, కోడలి కంచంలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. అప్పటికీ అర్థం కాలేదు. ఆ ముద్ద గొంతు దిగడం లేదని చూసి అత్తగారు లోలోపల నవ్వుకుంది.

"మొదట్లో అలాగే ఉంటుందిలే. నిన్న నిమ్మచెట్టు దగ్గరే చూశాను."

కోడలికి అప్పుడు అర్థమైంది. గుడ్డు ముక్క నోట్లోనే ఉండిపోయింది.

కాదు అనాలి. కాదంటే మరి వాంతి ఎందుకు, ఆ నడక ఎందుకు, ఆ చెయ్యి పొట్ట మీదెందుకు అని అడుగుతుంది. వాటన్నిటికీ ఒకటే జవాబు. ఆ జవాబు శాలువా కింద వెచ్చగా ఉంది.

ఆమె తల వంచుకుంది. తల వంచుకోవడం కూడా ఒప్పుకోవడమే అయింది.

మధ్యాహ్నానికి టైలరమ్మ గోడ మీద నుంచి మెత్తటి గుడ్డముక్కల మూట అందించింది. చొక్కాలకి మిగిలినవట, ఉతికి ఆరేసినవట, పసివాళ్ళ ఒంటికి గుచ్చుకోవట. అమ్మాయి ముందు ఇప్పుడే ఆ మాట ఎత్తొద్దని అత్తగారు కళ్ళతో సైగ చేసింది. కోడలు వంటింటి కిటికీలోంచి అంతా చూసింది.

నిద్ర లేచిన భర్త గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేసి, ఏం మాట్లాడాలో తెలియక చేతుల మీద మరకలు చూసుకున్నాడు. మిషను నూనె అతని గోళ్ళలో ఎప్పుడూ ఉంటుంది. ఎంత రుద్దినా పోదు. తల ఎత్తేసరికి కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మకి ముందు తెలిసింది, నాకు తరవాత. నాకు చెప్పడానికేంటి సిగ్గు?"

ఇతని మొహం ఇలా వెలగడం ఆమె పెళ్ళయ్యాక చూడలేదు. ఇంకో నిమిషం ఆ వెలుగు చూస్తూ ఉంటే ఇక జీవితంలో నిజం చెప్పలేనని తెలిసింది. శాలువా తీసింది. చొక్కా అంచు ఎత్తి, దుప్పటి కట్టు చూపించింది.

"ఏంటిది?"

"మూడు."

"మూడేంటి?"

"గుడ్లు."

అతను చాలాసేపు చూశాడు. నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. మంచం మీద కూర్చున్నాడు. ఆమె మొత్తం చెప్పింది. అమ్మ ఖాళీ గూడు, తవుడు కుండ, అమ్మకి చెప్పిన అబద్ధం, మసిదాని రెక్కల కింద మధ్యాహ్నం పూట పెట్టిన చెయ్యి, బొగ్గుతో వణుకుతూ గీసిన గీతలు. తీసేసిన ఐదింటి గురించి మాత్రం చెప్పలేదు. అతనికి కూడా అడగాలని తోచలేదు.

"తెగులొచ్చిన దొడ్లోవా?" అన్నాడు చివరికి.

"తెగులు రాకముందు దాచినవి."

"ఎంత ముందు? నీకెలా తెలుసు?"

అమ్మ అలా అంది. తను నమ్మాలనుకుంది, నమ్మింది.

"పొద్దున్న నుంచి ఒక పిల్ల వాలిపోతోంది. అమ్మ చేతిలోనే పెట్టుకుని తిరుగుతోంది. తెలుసా నీకు?"

తెలుసు. పొద్దున్నే చూసింది. మిగతా ఏడూ తల్లి వెనక పరిగెడుతుంటే అది ఒక్కటీ రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, ఎండలో నిలబడిపోయింది. చూసిన క్షణం నుంచి ఆమె దాని వైపు మళ్ళీ చూడలేదు.

అవతల టైలరమ్మ మిషను టకటకమంటూనే ఉంది. అతను లేచి చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒక రంధ్రం తప్పించి పెట్టుకుని, విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను డ్యూటీకి వెళ్ళేలోపు అమ్మకి నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. తలుపు దగ్గర ఆగి, ఆమె వైపు తిరక్కుండానే, "నేను మా ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి చెప్పేశాను," అని గొణిగి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. అత్తగారు పెరటి గట్టు మీద కూర్చుని ఉంది. ఎడం అరచేతిలో వాలిపోయిన పిల్ల. దాని ముక్కుకి తడి వేలు అందిస్తోంది. మసిది మిగతా పిల్లల్ని రెక్కల కిందికి పిలుచుకుంటోంది.

కోడలు గుమ్మం దాటి వచ్చింది. మాటలు వరసగా పేర్చుకుని వచ్చింది. ముందు క్షమించమని అడగాలి, తరవాత అమ్మ సంగతి చెప్పాలి, తరవాత శాలువా విప్పాలి.

"వచ్చావా? ఇలా కూర్చో," అంది అత్తగారు.

కూర్చుంది. వీధిలో తీగ ఇంకా బిగిస్తూనే ఉన్నారు. ఇంటి లోపల భర్త బూట్లు వెతుక్కుంటున్న చప్పుడు.

"అత్తయ్యా, నేను..."

"నన్ను చెప్పనీ. మళ్ళీ నాకు మాట దొరకదు." అత్తగారు పిల్లనే చూస్తూ మాట్లాడింది. "ఈ పెరట్లో నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనివ్వలేదు ఇన్నాళ్ళూ. నిన్ను కూడా నూకలు వెయ్యడం దాకే రానిచ్చాను. నీకు కష్టమనిపించే ఉంటుంది."

"లేదత్తయ్యా."

"అనిపించే ఉంటుంది. ఐదు గుడ్లు పోయాక ఆలోచించాను. ఇక మీదట గుడ్లు నువ్వు ఎంచు. గీత నువ్వు గియ్యి. నీ కళ్ళు బాగున్నాయి. ఈ ఇంట్లోకి ఇంకో ప్రాణం వస్తున్నప్పుడు, ఈ పెరడు దాని తల్లి చేతిలో ఉండటమే న్యాయం."

కోడలు పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. అత్తగారు అవి వేరే కన్నీళ్ళనుకుని, కుడిచేత్తో ఆమె వీపు నిమిరింది.

అరచేతిలో పిల్ల కళ్ళు తెరిచింది. మెడ ఎత్తింది. పొద్దుటి నుంచి చప్పుడు చెయ్యనిది, సన్నగా ఒకసారి కీచుమంది.

దానికి బదులు వచ్చింది.

గంపలోంచి కాదు, మసిదాని రెక్కల కింద నుంచి కాదు. దగ్గర నుంచి, చాలా దగ్గర నుంచి, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు మూసుకుపోయిన చిన్న గొంతు.

వీపు మీద నిమురుతున్న చెయ్యి ఆగింది.

అరచేతిలో పిల్ల మళ్ళీ కీచుమంది. శాలువా కింద నుంచి మళ్ళీ జవాబు వచ్చింది, ఈసారి రెండు గొంతులు. పొట్ట మీద ఏదో టక్, టక్ మని కొట్టుకోవడం కోడలికి తెలుస్తోంది. లేచాయి, అమ్మ కోళ్ళు లేచాయి అని ఒక మనసు ఎగిరి గంతేస్తుంటే, ఇంకో మనసు మట్టిలో కూరుకుపోయింది.

ఆ చప్పుడు ఏమిటో అత్తగారికి ఒకరు చెప్పక్కర్లేదు. గుడ్డులోంచి పిల్ల పిలవడం ఈ వీధిలో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వాలిన పిల్లని మెల్లిగా ఒళ్ళో దించుకుంది. శాలువా తనే తీసింది. దుప్పటి ముడి తనే విప్పింది.

మూడు గుడ్లు. ఒకదాని మీద, పెద్ద వైపున, నక్షత్రం ఆకారంలో చిన్న నెర్రె. నెర్రె మధ్య నుంచి ముక్కు కొస కదులుతోంది.

అత్తగారు దాన్ని వెలుతురు వైపు పట్టుకుంది. బొటనవేలితో బొగ్గు గీత వెంట తడుముతూ గుడ్డుని నెమ్మదిగా తిప్పింది. వేలు చుట్టూ తిరిగి వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ గీత చివర్లు రెండూ కలవలేదు. ఒకటి పైన, ఒకటి కింద, మధ్యలో వెంట్రుకంత ఖాళీ. రెండో గుడ్డు తిప్పి చూసింది. మూడోది చూసింది. అన్నిటి మీదా అంతే.

వెనక గుమ్మంలో బూట్ల చప్పుడు వచ్చి ఆగిపోయింది. వంటింట్లో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అమ్మ అయి ఉంటుంది. ఎవరూ కదల్లేదు.

ఇవి ఎవరి గుడ్లని అత్తగారు అడగలేదు. ఎక్కడివని అడగలేదు. కడుపు సంగతి కూడా అడగలేదు. కళ్ళు బాగా లేవనుకుంటున్న ఆ మనిషి, కోడలి మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూసింది.

"మరి నావేం చేశావమ్మాయ్?"

కోడలి చూపు ఆమె మాట వినకుండా నిమ్మచెట్టు మొదలు వైపు వెళ్ళింది.

అత్తగారి చూపు కూడా దాని వెంటే వెళ్ళింది.